నక్కను వేటాడొచ్చా? కోనసీమలో కోళ్లు, పంటలు పోతుంటే చట్టప్రకారం మీరు ఏం చేయొచ్చు

ఆకుపచ్చటి నైట్ విజన్ తెర. అందులో మెరిసే రెండు కళ్లు. పక్కన గాయపడిన కుందేలులా అరిచే చిన్న స్పీకర్. తర్వాత తుపాకీ పేలిన చప్పుడు. అమెరికాలో కయోట్లను వేటాడే ఇలాంటి వీడియోలు మీ ఫోన్‌లోకీ ఎప్పుడో ఒకసారి వచ్చే ఉంటాయి. ఏ తుపాకీ కొనాలి, ఏ కూత పెట్టాలి, గాలి ఎటు వీస్తుంటే ఎటు కూర్చోవాలి అని కొత్తవాళ్లకు నేర్పే వీడియోలు కూడా ఉన్నాయి.

కయోట్ మన దేశంలో లేదు. అది ఉత్తర, మధ్య అమెరికా జంతువు. దానికి దగ్గరి చుట్టం మాత్రం మనకు బాగా తెలుసు. మనం నక్క అని పిలిచేది దాన్నే. ఇంగ్లిష్‌లో గోల్డెన్ జాకల్ అంటారు. కోరంగి మడ అడవుల్లో, గోదావరి పాయల వెంట, కోనసీమ తీరంలో ఇవి తిరుగుతుంటాయి. రాత్రిళ్లు ఊళ వేస్తాయి, అప్పుడప్పుడూ కోళ్ల గూటి దగ్గరికీ వస్తాయి. అందుకే అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు సొంతూరు ఉన్న చాలామందికి ఆ వీడియో చూడగానే వచ్చే ప్రశ్న ఒకటే. ‘మనమూ కొట్టొచ్చా?’

కొట్టకూడదు. అమెరికాలోని చాలా రాష్ట్రాల్లో లైసెన్స్ తీసుకుంటే కయోట్‌ను ఏడాది పొడవునా వేటాడొచ్చు. మన దేశంలో సరదాకి వన్యప్రాణిని వేటాడేందుకు ఇచ్చే లైసెన్స్ అంటూ ఏదీ లేదు. కాబట్టి ‘కొత్తగా వేట మొదలుపెట్టడం ఎలా’ అన్న ప్రశ్నకు ఇక్కడ జవాబే లేదు. ‘జంతువు నా కోళ్లను, నా పంటను, నా మనుషులను ఇబ్బంది పెడుతోంది, ఏం చేయాలి’ అన్న ప్రశ్నకు మాత్రం ఉంది. ఆ దారి తెలియక తీగలు, విషం, నాటు బాంబుల వైపు వెళ్లినవాళ్లు జైలుకు పోతున్నారు. కొన్నిసార్లు మనుషుల ప్రాణాలే పోతున్నాయి.

ముందు ‘వేట’ అంటే ఏమిటో తేల్చుకుందాం

గోదావరి జిల్లాల్లో ఈ మాటకు అర్థాలు ఎక్కువే. వేట మాంసం అంటే మేక మాంసమో, పొట్టేలు మాంసమో. అంతర్వేది, ఓడలరేవు వైపు వేటకు వెళ్లాడంటే సముద్రంలోకి వెళ్లాడని. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే ‘వేట నిషేధం’ కూడా మర పడవల మీద సముద్రంలో చేసే చేపల వేటకు సంబంధించినదే. ఈ రెండింటికీ వన్యప్రాణి చట్టంతో పేచీ లేదు. వలలో తాబేలో డాల్ఫినో పడితే తప్ప.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెప్పే ‘వేట’ వేరు. చంపడం ఒక్కటే వేట కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, వల పన్నడం, విషం పెట్టడం, ఎర వేయడం, తరమడం కూడా వేటే. వీటికి ప్రయత్నించినా వేటే. పక్షుల, సరీసృపాల గుడ్లు తీయడం, పాడుచేయడం కూడా ఇందులోకే వస్తుంది. అంటే కోళ్ల గూటి పక్కన నక్క కోసం ఉచ్చు బిగించిన క్షణంలోనే మీరు నేరం చేసినట్టు. నక్క అందులో పడిందా లేదా అన్నది తర్వాతి మాట.

ఈ చట్టం ఢిల్లీ నుంచి మన మీద రుద్దినదని కొందరు అంటుంటారు. నిజానికి పార్లమెంటు ఇలాంటి చట్టం చేయాలని ముందుగా తీర్మానం చేసి పంపిన 11 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. మొదట్లో ఈ చట్టంలోనూ వేట లైసెన్సులు ఉండేవి. పెద్ద జంతువులకు ఒకటి, చిన్న జంతువులకు ఒకటి. 1991 సవరణతో వాటిని ఎత్తేశారు. మీ తాతగారు తుపాకీ పట్టుకుని పరజ పిట్టలను కొట్టుకొచ్చేవారన్న కథ అబద్ధం కాకపోవచ్చు. ఇప్పుడు అదే పని చేస్తే కేసు.

నక్కకు పెద్దపులితో సమానమైన రక్షణ

చాలామందికి తెలియని మార్పు ఒకటి ఉంది. 2022లో చట్టాన్ని సవరించారు. కొత్త షెడ్యూళ్లు 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఇంతకుముందు రెండో షెడ్యూల్‌లో ఉన్న నక్క ఇప్పుడు మొదటి షెడ్యూల్‌లో ఉంది. అదే షెడ్యూల్‌లో పెద్దపులి, చిరుత, నెమలి ఉన్నాయి. ఆక్వా చెరువుల దగ్గర కనిపించే నీటిపిల్లి, అంటే ఫిషింగ్ క్యాట్, కూడా అందులోనిదే.

మొదటి షెడ్యూల్ జంతువును వేటాడితే శిక్ష కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు. జరిమానా రూ.25 వేలకు తగ్గదు. జరిమానా కట్టేసి బయటపడదామంటే ఇక్కడ కుదరదు, జైలు తప్పనిసరి.

‘మా కోళ్లను తింటోంది కదా, అనుమతి అడిగితే ఇవ్వరా?’ అంటే, ఇవ్వరు. చట్టంలోని 11వ సెక్షన్ ప్రకారం మొదటి షెడ్యూల్ జంతువును చంపేందుకు రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ ఒక్కరే అనుమతి ఇవ్వగలరు. అదీ ఆ జంతువు మనిషి ప్రాణానికి ప్రమాదకరంగా మారినప్పుడు, లేదా కోలుకోలేనంతగా గాయపడో జబ్బుపడో ఉన్నప్పుడు మాత్రమే. పట్టుకోవడానికి, మత్తు ఇవ్వడానికి, వేరే చోటికి తరలించడానికి వీల్లేదని ఆయన నమ్మాలి, కారణాలు రాతపూర్వకంగా చెప్పాలి. కోళ్లు పోవడం ఈ జాబితాలో లేదు.

ఇది రైతుకు అన్యాయమనిపించవచ్చు. నాలుగు నాటుకోళ్లు పోతే ఇంట్లో ఆడవాళ్ల చేతి ఖర్చు పోయినట్టే. కానీ నక్క ఎక్కువగా తినేది ఎలుకలను, ఎండ్రకాయలను, చచ్చిన పశువులను. వరి పొలంలో ఎలుకల మందుకు ఏటా ఎంత పెడుతున్నారో లెక్క వేసుకుంటే, నక్కతో బేరం అంత నష్టం కాదనిపిస్తుంది. పైగా పోయిన ప్రతి కోడినీ నక్క ఖాతాలో రాయడానికి లేదు. కొబ్బరి తోటల్లో మానుపిల్లి, అడవిపిల్లి, ముంగిస ఉంటాయి. అన్నిటికంటే ఎక్కువగా ఊరకుక్కలుంటాయి. ముందు అడుగుజాడలు చూడండి. పాత ఫోన్‌నో, చవక సీసీ కెమెరానో గూటివైపు పెట్టి రెండు రాత్రులు చూస్తే దొంగ ఎవరో తెలుస్తుంది.

గూటి సంగతికొస్తే, చీకటి పడకముందే కోళ్లను మూసేయడమే సగం పని. గంప కింద మూసి పైన రాయి పెడితే నక్క దాన్ని తోసేస్తుంది. చిన్న కన్నాల ఇనుప జాలీ, గట్టి గడియ, జాలీని జానెడు లోతు వరకు నేలలోకి దించి పూడ్చడం అవసరం. నక్క తవ్వగలదు మరి. గూడు పక్కన చికెన్ వ్యర్థాలు, చేపల చెత్త పారేయకండి. ఆ వాసనకే అది మొదట వస్తుంది, తర్వాత కోళ్లను చూస్తుంది.

అడవి పంది కథ వేరు

లంక భూముల్లో కూరగాయలు, దుంపలు, మొక్కజొన్న వేసిన రైతులను అడిగితే నక్క గురించి పెద్దగా చెప్పరు. పందుల గురించి చెబుతారు. ఒక్క రాత్రిలో మడి మొత్తం దున్నేసిపోతాయి.

అడవి పంది రెండో షెడ్యూల్‌లో ఉంది. దాన్ని అనుమతి లేకుండా చంపితే మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అయితే ఈ షెడ్యూల్ జంతువుల విషయంలో చట్టం ఒక తలుపు తెరిచి ఉంచింది. మనుషుల ప్రాణాలకే కాదు, ఆస్తికి, పొలంలో నిలిచి ఉన్న పంటకు ప్రమాదం ఉన్నా అనుమతి ఇవ్వొచ్చు. ఆ అనుమతిని చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా ఇస్తారు. ఎక్కడ, ఎవరు, ఏ జంతువును అన్నవి అందులో ఉంటాయి. ‘రేంజర్ గారు ఫోన్‌లో సరే అన్నారు’ అంటే చెల్లదు.

పొరుగున కేరళ 2022లో ఈ అధికారాన్ని స్థానిక సంస్థల అధ్యక్షుల దాకా దించింది. అడవి పందిని చంపేందుకు అక్కడ పంచాయతీ అధ్యక్షులే అనుమతి ఇవ్వగలరు. ఇంకో దారి కూడా ఉంది. రెండో షెడ్యూల్ జంతువును ఫలానా ప్రాంతంలో, ఫలానా కాలానికి ‘హానికారక జంతువు’ అని కేంద్రం ప్రకటించవచ్చు. బిహార్‌లో నీల్‌గాయ్, అడవి పందుల విషయంలో 2015లో, ఉత్తరాఖండ్‌లో అడవి పందుల విషయంలో 2016లో అలా చేసింది. 2016 జూన్‌లో బిహార్‌లోని మొకామాలో నీల్‌గాయ్‌లను కాల్చడానికి హైదరాబాద్ నుంచి షూటర్లు వెళ్లారు. దానిపై దేశమంతా పెద్ద రచ్చే జరిగింది. ఇలాంటి షూటర్లు ప్రభుత్వం పిలిస్తే వెళ్లి, పని అయ్యాక తిరిగొచ్చేవాళ్లు. అదేదో నేర్చుకుని మొదలుపెట్టగలిగే హాబీ కాదు.

మీ పొలం పాడుచేసేది నిజంగా అడవి పందేనా అన్నది కూడా చూసుకోండి. ఊళ్లలో యజమానులు వదిలేసిన పెంపుడు పందులు గుంపులుగా తిరుగుతుంటాయి. వాటి బాధ్యత పంచాయతీ, మున్సిపాలిటీలది. అటవీ శాఖకు అర్జీ పెడితే తిప్పి పంపుతారు. అలాగని మీరే చంపితే, ఒకరి పశువును చంపినందుకు భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు. పంది కోసం పెట్టిన విషం తిని పక్కింటివాళ్ల గేదె చనిపోయినా అదే సెక్షన్ ఎదురుకావచ్చు.

కరెంటు తీగ గురించి గట్టిగా చెప్పాల్సిందే

పొలం చుట్టూ జీఐ వైరు లాగి, మోటారు స్టార్టరు నుంచో స్తంభం నుంచో నేరుగా కరెంటు ఇవ్వడం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కనిపించే పని. పందుల కోసమే అంటారు. తెల్లవారుజామున నీళ్లు పెట్టడానికి వచ్చిన పక్క రైతుకు ఆ తీగ కనబడదు. కాలువలు, తడి నేల, పచ్చగడ్డి ఉండే కోనసీమలో ఇది ఇంకా ప్రమాదం.

ఎవరైనా చనిపోతే తీగ పెట్టిన వ్యక్తిపై కనీసం నిర్లక్ష్యంతో మరణానికి కారణమైన కేసు పెడతారు. న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద దీనికి ఐదేళ్ల వరకు శిక్ష ఉంది. తీగ తగిలితే మనిషి చనిపోతాడని తెలిసే పెట్టారని పోలీసులు భావిస్తే హత్య కాని నరహత్య, అంటే 105వ సెక్షన్. దీని శిక్ష ఇంకా పెద్దది. దొంగ కరెంటుకు విద్యుత్ చట్టం 135వ సెక్షన్ వేరే. జంతువు చచ్చిపోతే వన్యప్రాణి చట్టం వేరే. ఒక తీగకు ఇన్ని కేసులు.

సోలార్ కంచె ఇది కాదు. అందులో ఎనర్జైజర్ అనే పరికరం క్షణంలో కొద్ది భాగం మాత్రమే షాక్ ఇచ్చి ఆపుతుంది. తగిలిన జంతువు ఎగిరి వెనక్కిపోతుంది తప్ప చావదు. ప్రమాణాల ప్రకారం తయారైన పరికరం కొని, హెచ్చరిక బోర్డులు పెట్టి వాడుకోవచ్చు. ఎనర్జైజర్ పక్కన పెట్టి ఆ తీగకే మెయిన్ కరెంటు కలిపితే మాత్రం పైన చెప్పినవన్నీ వర్తిస్తాయి. మీ ఊళ్లో అలాంటి తీగ కనిపిస్తే విద్యుత్ సంస్థ నంబరు 1912కు ఫోన్ చేయండి. పక్కవాడితో గొడవెందుకని ఊరుకుంటే, రేపు ఆ గట్టు మీద నడిచేది మీ ఇంటి పిల్లలే కావచ్చు.

ఎరలో చుట్టి పెట్టే నాటు బాంబులు కూడా అంతే. పందికన్నా ముందు వాటిని కొరికేది కుక్కలు, పశువులు. వీటికి వన్యప్రాణి చట్టంతోపాటు పేలుడు పదార్థాల చట్టం కూడా తోడవుతుంది.

తుపాకీ లైసెన్స్ ఉంటే?

పంట రక్షణ కోసం నాటు తుపాకీకి లైసెన్స్ ఇచ్చే వీలు 1959 ఆయుధాల చట్టంలో ఉంది. కానీ ఆ లైసెన్స్ తుపాకీ ఉంచుకోవడానికే. జంతువును కాల్చడానికి అటవీ శాఖ అనుమతి విడిగా ఉండాలి. అభయారణ్యానికి 10 కిలోమీటర్ల లోపు కొత్త ఆయుధ లైసెన్స్ ఇవ్వాలంటే చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ సమ్మతి కావాలి. కోరంగి అభయారణ్యం పక్కనున్న గ్రామాల వారు ఇది గమనించాలి.

ఎయిర్‌గన్ గురించి ఎక్కువమంది పొరబడతారు. 4.5 మిల్లీమీటర్ల బోరు, 20 జూళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్‌గన్‌కు లైసెన్స్ అక్కర్లేదు. దాంతో కొంగనో నీటికోడినో కొడితే మాత్రం అది వేటే. సంక్రాంతికి ఊరికొచ్చిన కుర్రాళ్లు ఎయిర్‌గన్ పట్టుకుని చెరువు గట్టు మీద తీసుకునే రీల్స్‌ను అటవీ అధికారులూ చూస్తారు. గురి చూసి కొట్టడమే మీ సరదా అయితే రైఫిల్ షూటింగ్ క్లబ్బులు ఉన్నాయి. అక్కడ కాగితం టార్గెట్‌ను ఎన్నిసార్లు కొట్టినా ఎవరూ ఏమీ అనరు.

కొనేవాళ్లకూ ఒక మాట. అడవి పంది మాంసమో, పిట్ట మాంసమో తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే, అది మీ దగ్గర అక్రమంగా ఉన్నట్టే చట్టం ముందుగా అనుకుంటుంది. కాదని నిరూపించుకోవాల్సింది మీరే. అదృష్టం కోసం అమ్మే ‘నక్క కొమ్ము’ కూడా అంతే. నక్కకు కొమ్ము ఉండదు. అది నకిలీ అయితే మీ డబ్బు పోయింది. నిజంగా నక్క శరీర భాగమే అయితే మీరు మొదటి షెడ్యూల్ కేసులో ఉన్నారు. నక్క తోక తొక్కితే కలిసొస్తుందనే నమ్మకం మనదొక్కరిదే కాదు. తమిళనాడులో సేలం జిల్లా వాళప్పాడి వైపు కొన్ని ఊళ్లలో సంక్రాంతికి నక్కను పట్టి తెచ్చి ఊరేగించేవారు. అక్కడి అటవీ శాఖ జరిమానాలు వేసింది.

మరి ఆదివాసీలకు, వేట వృత్తివారికి?

ఈ చట్టం ఎక్కువ బరువు మోపింది వాళ్ల మీదే. నక్కల అనే పేరుతోనే ఒక సంచార తెగ ఉంది. ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ తెగల జాబితాలో ‘నక్కల, కుర్వికరన్’గా నమోదైంది. వేట మీద బతికిన కుటుంబాలు పూసలు, పిన్నులు అమ్ముకునే దారికి మళ్లాయి. వాళ్లకూ వేట మినహాయింపు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం అటవీ ఉత్పత్తులపై హక్కులిస్తూనే వేటను పేరుపెట్టి పక్కన పెట్టింది. దేశం మొత్తంలో నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కులను మాత్రమే వన్యప్రాణి చట్టం కదపలేదు. వేట ఆపమన్న ప్రభుత్వం ఇలాంటి కుటుంబాలకు బతుకుతెరువు చూపించడంలో అంత వేగం చూపించలేదన్నది ఒప్పుకోవాలి.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

కోనసీమలో అడవి అంటే మడ అడవే. మన్యంలోలాగా ప్రతి ఊరికీ పరిచయమైన బీట్ ఆఫీసర్ ఉండకపోవచ్చు. అందుకే కాగితం పని ముఖ్యం.

పంట పోతే ఆ రోజే తేదీ, సమయం కనిపించేలా ఫోటోలు తీయండి. అడుగుజాడల పక్కన కొలతకు అగ్గిపెట్టె పెట్టి తీస్తే ఇంకా మంచిది. గ్రామ సచివాలయంలోని వ్యవసాయ సహాయకులకు చూపించి నష్టం అంచనా రాయించండి. పంట ఈ-క్రాప్‌లో నమోదై ఉంటే మీ మాటకు బలం. కౌలు రైతులు ఇక్కడే ఇబ్బంది పడతారు కాబట్టి విత్తిన వెంటనే నమోదు చేయించుకోండి. తర్వాత సర్వే నంబరు, విస్తీర్ణం, ఫోటోలు, అంచనా జతచేసి అటవీ రేంజ్ కార్యాలయానికి, జిల్లా అటవీ అధికారికి అర్జీ ఇచ్చి రసీదు అడగండి. ప్రాణ, పశు, పంట నష్టాలకు ప్రభుత్వం ఎప్పటికప్పుడు పరిహారం రేట్లు సవరిస్తుంటుంది. ఇప్పుడు అమల్లో ఉన్న రేటు ఎంతో అక్కడే అడిగి తెలుసుకోండి. జవాబు రాకపోతే అమలాపురం కలెక్టరేట్‌లో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అదే అర్జీని, పాత రసీదుతో కలిపి పెట్టండి. పందుల బెడద ఊరంతటిదీ అయితే పంచాయతీ తీర్మానంతో వెళ్లండి. ఒక్క రైతు కాగితానికీ, ఊరి తీర్మానానికీ అధికారులు ఇచ్చే విలువలో తేడా ఉంటుంది.

ఈ దారి నెమ్మదైనది. అర్జీ కదిలేలోపు పంట కోతకొచ్చేస్తుందని రైతులు అనేది నిజమే. కాబట్టి అర్జీ పెట్టి ఊరుకోకుండా, పొలం చుట్టూ రంగు చీరలు కట్టడం, గట్టు మీద ఒత్తుగా ఆముదం వేయడం, దీపాలు, శబ్దం, వంతులవారీ కాపలా లాంటివి కూడా చేయాలి. పందులు తెలివైనవి. ఏ ఉపాయానికైనా కొద్ది రోజుల్లో అలవాటు పడతాయి, మార్చి మార్చి వాడాలి.

జంతువు ఇంట్లోకో పాకలోకో దూరి ఉంటే తలుపు బయట నుంచి మూసి, జనాన్ని దూరం పంపి, 112కు గానీ అటవీ సిబ్బందికి గానీ చెప్పండి. 2024 సెప్టెంబరులో రాజమహేంద్రవరం దివాన్‌చెరువు, కడియం నర్సరీల వైపు చిరుత తిరిగినప్పుడు పక్కనే ఉన్న కోనసీమ మండలాల్లోనూ కంగారు పుట్టింది. అలాంటప్పుడు కర్రలతో గుంపుగా వెతకడం మొదలుపెడితే గాయాలయ్యేది మనుషులకే.

నిజంగా మీదపడితే? ప్రాణం కాపాడుకోవడానికి, ఇంకొకరిని కాపాడటానికి సదుద్దేశంతో ఏ అడవి జంతువును చంపినా, గాయపరిచినా నేరం కాదు. 11వ సెక్షనే ఆ మాట చెబుతోంది. అయితే మీరు అప్పటికే ఉచ్చు వేస్తూనో, వేటకు వెళ్తూనో ఉంటే ఈ రక్షణ వర్తించదు. చచ్చిన జంతువు ప్రభుత్వ ఆస్తి. పూడ్చేయకండి, కోయకండి. 48 గంటల్లోగా పోలీస్ స్టేషన్‌లోనో అటవీ అధికారికో తెలియజేయాలి.

కరిస్తే మాత్రం అర్జీల కన్నా ముందు ఆసుపత్రి

నక్కలకు రేబిస్ వస్తుంది. 2024 అక్టోబరులో ముంబైలో నక్కలకు రేబిస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. పగటిపూట జంకు లేకుండా మనుషుల మధ్యకు వచ్చే, తూలుతూ నడిచే నక్క కనిపిస్తే దగ్గరికి పోకండి, వీడియో కోసమైనా సరే.

కరిచినా, గీరినా వెంటనే కుళాయి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, సున్నం, కాఫీ పొడి, ఆకు పసర్లు పెట్టొద్దు, కట్టు బిగించొద్దు. అడవి జంతువు కాటును వైద్య మార్గదర్శకాల ప్రకారం మూడో కేటగిరీగా చూస్తారు. అంటే టీకాతోపాటు గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ కూడా ఇవ్వాలి. దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది లేకపోతే ఎక్కడ ఉందో అడిగి అదే రోజు పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో చర్మంలోకి ఇచ్చే టీకా మొదటి రోజున, తర్వాత 3, 7, 28వ రోజుల్లో వేస్తారు. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపేయకూడదు. మీ కుక్కనో, ఆవునో కరిచి ఉంటే 1962కు ఫోన్ చేస్తే పశు సంచార వైద్య వాహనం వస్తుంది. ఆ ఆవు పాలను డాక్టరు చెప్పేవరకు వాడకండి.